గోడ మీద ఎవరి ఫొటో ఉండాలి?

అమెరికాలోని నల్లజాతి దర్శకుడు స్పైక్ లీ తన ‘డూ ద రైట్ థింగ్’ స్క్రిప్టును పారమౌంట్ స్టూడియోకు ఇచ్చినప్పుడు వాళ్లు ముగింపు మార్చమన్నారు. చివర్లో నల్లజాతి యువకుడు మూకీ, అతనికి పని ఇచ్చిన ఇటాలియన్ అమెరికన్ యజమాని సాల్ ఒకరినొకరు కౌగిలించుకోవాలన్నది వాళ్ల కోరిక. అంతకు ముందు రాత్రే ఆ వీధిలో ఒక యువకుడు పోలీసుల చేతిలో చనిపోయాడు, సాల్ పిజ్జా దుకాణం కాలి బూడిదైంది. అయినా తెల్లవారేసరికి ఇద్దరూ కలిసిపోవాలట. లీ ఒప్పుకోలేదు. స్క్రిప్టు తీసుకుని యూనివర్సల్‌కు వెళ్లాడు. 1989 జూన్ 30న ఆ సినిమా కౌగిలింత లేకుండానే విడుదలైంది.

జాతి ఘర్షణను తెర మీద చూపడంలో ఉన్న అసలు చిక్కు ఆ షరతులోనే ఉంది. ఇద్దరు మనుషుల మధ్య అపార్థం వల్ల గొడవ వచ్చిందనుకుంటే కౌగిలింతతో కథ ముగించవచ్చు. గొడవకు మూలం స్థలం ఎవరిది, డబ్బు ఎవరి జేబులోకి పోతోంది, లాఠీ ఎవరి చేతిలో ఉంది అన్న చోట ఉంటే మాత్రం కౌగిలింత ఏమీ తేల్చదు. వందేళ్లకు పైబడిన అమెరికన్ సినిమాను చూస్తే ఈ రెండు రకాల కథలూ కనిపిస్తాయి. ఎక్కువ ఆదరణ, ఎక్కువ బహుమతులు మొదటి రకానికే దక్కాయి. నాకు రెండో రకం మీదే గురి. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం.

కౌగిలింతల కంటే ముందు తెర మీద ఉన్నది నేరుగా ద్వేషమే. 1915లో డి. డబ్ల్యూ. గ్రిఫిత్ తీసిన ‘ది బర్త్ ఆఫ్ ఎ నేషన్’లో ప్రధానమైన నల్లజాతి పాత్రలను తెల్ల నటులు ముఖానికి నల్లరంగు పూసుకుని వేశారు. నల్లజాతి పురుషుడు తెల్ల అమ్మాయి వెంటపడే మృగంలా కనిపిస్తాడు. ముసుగులు వేసుకుని గుర్రాల మీద వచ్చే కు క్లక్స్ క్లాన్ అనే తెల్లజాతి ఆధిపత్యవాదుల మూక రక్షకుల దండులా కనిపిస్తుంది. అధ్యక్షుడు విల్సన్ కాలంలో వైట్‌హౌస్‌లోనే ఆ సినిమా ప్రదర్శించారు. అదే ఏడాది నవంబరులో జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద, ఎప్పుడో చచ్చిపోయిన క్లాన్‌ను విలియం సిమన్స్ అనే వ్యక్తి మళ్లీ లేపాడు. సభ్యులను చేర్చుకోవడానికి క్లాన్ ఆ సినిమాను ఏళ్ల తరబడి వాడుకుంది. సినిమా సమాజాన్ని ఏమీ చేయలేదని వాదించేవాళ్లు ఈ ఒక్క ఉదాహరణకు జవాబు చెప్పాలి.

దానికి సమాధానంగా నిలిచిన సినిమా గురించి మనకు తెలిసింది తక్కువ. నల్లజాతి దర్శకుడు ఆస్కార్ మిషో 1920లో ‘వితిన్ అవర్ గేట్స్’ తీశాడు. అందులో ఒక కౌలు రైతు, చదువుకున్న తన పెంపుడు కూతురు సరిచూసిన లెక్కలు పట్టుకుని భూస్వామి దగ్గరకు బాకీ తేల్చుకోవడానికి వెళతాడు. అదే సమయంలో భూస్వామిని వేరే తెల్లవాడు కాల్చి చంపితే నేరం రైతు మీద పడుతుంది. మూక ఆ రైతునూ అతని భార్యనూ ఉరితీస్తుంది. ఆ అమ్మాయి మీద ఒక తెల్లవాడు అత్యాచారానికి తెగబడతాడు. గ్రిఫిత్ చెప్పిన అబద్ధాన్ని మిషో ఇలా తిరగేసి చూపించాడు. అంతకన్నా ముఖ్యంగా, ఆ హింస ఎక్కడ మొదలైందో చూడండి: బాకీ లెక్కల దగ్గర. 1919 వేసవిలో జరిగిన జాతి అల్లర్లు మళ్లీ రేగుతాయన్న భయంతో షికాగో సెన్సారు మొదట దానికి అనుమతి ఇవ్వలేదు. తర్వాత ఆ సినిమా దశాబ్దాల పాటు కనిపించకుండా పోయింది. చివరికి 1970లలో స్పెయిన్‌లో ఒక ప్రతి దొరికింది. గ్రిఫిత్ సినిమాను ప్రపంచమంతా పాఠంగా చదువుకుంటున్న కాలంలో, దానికి వచ్చిన జవాబు ఒక భాండాగారంలో స్పానిష్ పేరుతో పడి ఉంది.

ఆ తర్వాత హాలీవుడ్ జాతి సమస్యను చూపడమే మానుకుంది. 1930లో స్టూడియోలు తమకు తాము రాసుకుని, 1934 నుంచి గట్టిగా అమలు చేసిన హేస్ నియమావళి తెల్లవారికీ నల్లవారికీ మధ్య లైంగిక సంబంధాలను తెర మీద నిషేధించింది. ఆ నీడ ఆసియా నటుల మీదా పడింది. చైనా రైతుల కథతో 1937లో వచ్చిన ‘ది గుడ్ ఎర్త్’లో నాయకుడి పాత్ర పాల్ మునీ అనే తెల్ల నటుడిది. అందువల్ల నిజంగా చైనా మూలాలున్న అన్నా మే వాంగ్‌కు అతని భార్య పాత్ర దక్కలేదు. దాన్ని వేసిన లూయీ రైనర్‌కు ఆస్కార్ వచ్చింది. 1940లో హాటీ మెక్‌డానియెల్ ఆస్కార్ గెలిచిన తొలి నల్లజాతి వ్యక్తి అయినప్పుడు కూడా ఆమెను తన సినిమా బృందంతో కాకుండా వేరే బల్ల దగ్గర కూర్చోబెట్టారు.

1967కు వచ్చేసరికి పరిస్థితి మారక తప్పలేదు. ఆ జూన్‌లో జాత్యంతర వివాహాలపై నిషేధాలు చెల్లవని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. డిసెంబరులో ‘గెస్ హూ ఈజ్ కమింగ్ టు డిన్నర్’లో నల్లజాతి నటుడు సిడ్నీ పోయిటియర్ ఒక తెల్ల కుటుంబానికి కాబోయే అల్లుడిగా తెర మీదకు వచ్చాడు. ఆ అల్లుడు పేరుమోసిన డాక్టరు, మచ్చలేని మనిషి. అతనిలో వంక పెట్టడానికి రంగు తప్ప ఏమీ లేకుండా కథ రాశారు. మనిషిగా అంగీకరించాలంటే ముందు మహానుభావుడు కావాలన్నమాట! అదే ఏడాది వచ్చిన ‘ఇన్ ద హీట్ ఆఫ్ ద నైట్’ నాకు ఎంతో నిజాయితీగా కనిపిస్తుంది. అందులో పత్తి తోటల యజమాని చెంప మీద కొడితే, పోయిటియర్ వేసిన డిటెక్టివ్ పాత్ర క్షణం ఆలస్యం చేయకుండా తిరిగి కొడుతుంది. కథ మిసిసిపీలో జరుగుతుంది, చిత్రీకరణ మాత్రం చాలావరకు ఇల్లినాయ్‌లో జరిగింది. 1964లో పౌరహక్కుల ఉద్యమానికి డబ్బు అందించడానికి హ్యారీ బెలఫాంటేతో కలిసి మిసిసిపీ వెళ్లినప్పుడు క్లాన్ మనుషులు వెంటాడిన అనుభవం పోయిటియర్‌కు ఉంది. దక్షిణాదికి రావడానికి అతను ఇష్టపడలేదు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య కారణంగా రెండు రోజులు వాయిదా పడిన 1968 ఆస్కార్ వేడుకలో ఆ సినిమాకే ఉత్తమ చిత్రం బహుమతి వచ్చింది.

ఇక ‘డూ ద రైట్ థింగ్’ దగ్గరకు వద్దాం. ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగాలి.

కథంతా బ్రూక్లిన్‌లోని బెడ్‌ఫర్డ్-స్టైవెసెంట్ ప్రాంతంలో ఒకే వీధిలో, మండుటెండలో, ఒక్క రోజులో జరుగుతుంది. వీధిలో ఉండేది నల్లజాతివారు, ప్యూర్టోరికన్లు. పిజ్జా దుకాణం సాల్‌ది. ఇద్దరు కొడుకులతో రోజూ వేరే పేట నుంచి వచ్చి పాతికేళ్లుగా నడుపుతున్నాడు. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు కొరియన్ దంపతులది. వీధి మలుపులో గొడుగు కింద కూర్చున్న ముగ్గురు నడివయసు నల్లజాతీయులు ఆ కొట్టు వైపు చూస్తూ మాట్లాడుకుంటారు: నిన్నగాక మొన్న ఓడ దిగినవాళ్లు మూతబడిన భవనంలో వ్యాపారం పెట్టగలిగితే, ఇక్కడే పుట్టిన మనం ఎందుకు పెట్టలేకపోయామని. నవ్విస్తూనే గుచ్చే సన్నివేశం అది.

గొడవ ఒక గోడతో మొదలవుతుంది. సాల్ తన దుకాణం గోడ నిండా ప్రసిద్ధ ఇటాలియన్ అమెరికన్ల ఫొటోలు పెట్టుకున్నాడు. మన నల్లజాతివాళ్ల ఫొటో ఒక్కటైనా ఎందుకు లేదని బగిన్ అవుట్ అనే యువకుడు అడుగుతాడు. నీకు సొంత దుకాణం ఉన్నప్పుడు నీకు నచ్చిన ఫొటోలు పెట్టుకో అంటాడు సాల్. ఇక్కడ తినేదీ డబ్బు ఇచ్చేదీ మేమే కదా, మాకు ఆ మాత్రం చోటు ఉండదా అంటాడు కుర్రాడు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. ఆస్తి హక్కు ఒకరిది, ఆ ఆస్తిని నిలబెట్టిన డబ్బు మరొకరిది. బగిన్ అవుట్‌ను లీ నాయకుడిగా చూపలేదు. అతని ఆవేశం చూసి వీధిలో వాళ్లే నవ్వుతారు. సాల్‌ను దుర్మార్గుడిగానూ చూపలేదు. తన చేతి వంట తిని ఈ పిల్లలు పెరిగారని అతను పెద్ద కొడుకుతో గర్వంగా చెప్పే మాట కల్లబొల్లి మాట కాదు. ఆ ప్రేమ నిజమే, యజమాని హోదా కూడా నిజమే. ఓర్పు తెగిన క్షణంలో అదే సాల్ నోటి నుంచి తరాల నాటి తిట్టు బయటికి వస్తుంది.

ఆ పెద్ద కొడుకు పీనోతో మూకీ మాట్లాడే సన్నివేశం కూడా గమనించదగ్గది. పీనోకు నల్లజాతివాళ్లంటే గిట్టదు. కానీ అతనికి ఇష్టమైన ఆటగాడు మ్యాజిక్ జాన్సన్, ఇష్టమైన నటుడు ఎడ్డీ మర్ఫీ. ఇదేమిటని మూకీ అడిగితే, వాళ్లు నిజంగా నల్లవాళ్లు కారు అన్నట్టు తడబడుతూ ఏదో చెబుతాడు. తెర మీది మనిషిని ఆరాధిస్తూ పక్కింటి మనిషిని అసహ్యించుకోవడం ఎలా సాధ్యమో ఆ రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

సినిమా మధ్యలో ఐదుగురు ఒకరి తర్వాత ఒకరు కెమెరా వైపు చూస్తూ వరుసగా తిడతారు. మూకీ ఇటాలియన్లను, పీనో నల్లవాళ్లను, ప్యూర్టోరికన్ యువకుడు కొరియన్లను, తెల్ల పోలీసు ప్యూర్టోరికన్లను, కొరియన్ కొట్టు యజమాని యూదులను. అందరిలోనూ ద్వేషం ఉందని చెప్పే సన్నివేశంగానే చాలామంది దీన్ని చూశారు. నేను చూసేది మరొకటి. తిట్లలో ఐదుగురూ సమానులే. లాఠీ మాత్రం ఒక్కడి చేతిలోనే ఉంది. ఆ రాత్రి సాల్ దుకాణం దగ్గర గొడవ ముదిరాక, వీధిలోని నల్లజాతి యువకుడు రేడియో రహీమ్ మెడకు లాఠీ అడ్డంపెట్టి ఊపిరి ఆగేదాకా బిగించేది ఆ ఐదుగురిలో ఒకడైన పోలీసే. పక్షపాతం ఎవరికైనా ఉండవచ్చు. దాన్ని ఒకరి ప్రాణం మీద అమలు చేసే అధికారం అందరికీ ఉండదు. ఈ తేడాను ఉపన్యాసం లేకుండా చూపిన సినిమా ఇంకొకటి నాకు తెలియదు.

రహీమ్ చావు గాలిలోంచి పుట్టిన కల్పన కాదు. 1983లో మైకేల్ స్టువార్ట్ అనే యువ కళాకారుణ్ణి న్యూయార్క్ సబ్‌వేలో గోడ మీద రాశాడని పోలీసులు పట్టుకున్నారు. వాళ్ల అదుపులో దెబ్బలతో స్పృహ తప్పిన అతను కోలుకోకుండానే చనిపోయాడు. విచారణను ఎదుర్కొన్న ఆరుగురు అధికారులూ నిర్దోషులుగా బయటికి వచ్చారు. 1986 డిసెంబరులో న్యూయార్క్‌లోని హోవర్డ్ బీచ్‌లో కారు చెడిపోయి పిజ్జా దుకాణానికి వెళ్లిన నల్లజాతి యువకులను తెల్ల మూక తరిమింది. వాళ్లలో మైకేల్ గ్రిఫిత్ పెద్ద రహదారి మీదకు పరుగెత్తి కారు కింద పడి మరణించాడు. లీ తన సినిమాను ఇలాంటి ఆరుగురి కుటుంబాలకు అంకితం చేశాడు.

రహీమ్ చనిపోయాక మూకీ చెత్త డబ్బా ఎత్తి సాల్ దుకాణం అద్దం పగలగొడతాడు. జనం దుకాణాన్ని తగలబెడతారు. మూకీ చేసింది సరైన పనేనా అని తెల్ల ప్రేక్షకులు తనను అడుగుతూనే ఉంటారని, నల్లజాతి ప్రేక్షకులు ఎవరూ ఆ ప్రశ్న అడగలేదని లీ తర్వాత చాలాసార్లు చెప్పాడు. ఆ ప్రశ్న అడగకూడదని నేను అనను. అద్దం గురించి అంతగా మథనపడినవాళ్లు గొంతు గురించి ఎందుకు అడగలేదన్నదే నా బాధ. సినిమాలోనే దీనికి ముందస్తు సమాధానం ఉంది. మర్నాడు ఉదయం రేడియో వార్త చెబుతుంది: మేయరు విచారణ సంఘం వేశాడు, నగరంలో ఆస్తుల విధ్వంసాన్ని సహించబోమన్నాడు. చనిపోయిన యువకుడి మాట అందులో లేదు.

విడుదలకు ముందు న్యూయార్క్‌లోని పేరున్న వ్యాఖ్యాతలు కొందరు ఈ సినిమా చూసి నల్లజాతి యువకులు అల్లర్లకు దిగుతారని రాశారు. మిషో సినిమాకు షికాగోలో ఎదురైన భయమే ఇక్కడా ఎదురైంది. అల్లర్లేమీ జరగలేదు. జరిగింది వేరు. సినిమా విడుదలై రెండు నెలలు కూడా కాకముందే, ఆగస్టు 23న, పాత కారు చూడటానికి బెన్సన్‌హర్స్ట్ వెళ్లిన పదహారేళ్ల నల్లజాతి కుర్రాడు యూసుఫ్ హాకిన్స్‌ను తెల్ల మూక చుట్టుముట్టింది. అందులో ఒకడు కాల్చి చంపాడు. సినిమాలో సాల్ కొడుకు తిరిగి వెళ్లిపోదామని కలవరించే పేట అదే బెన్సన్‌హర్స్ట్.

1990 ఆస్కార్లలో ఈ చిత్రానికి ఉత్తమ చిత్రం నామినేషన్ కూడా రాలేదు. ఆ బహుమతి ‘డ్రైవింగ్ మిస్ డైసీ’కి దక్కింది. ముసలి యూదు యజమానురాలికి, ఆమె కారు నడిపే నల్లజాతి డ్రైవరుకు మధ్య ఏళ్ల తరబడి పెరిగే స్నేహమే దాని కథ. లీ తీసిన ‘బ్లాక్‌క్లాన్స్‌మన్’ 2019లో ఉత్తమ చిత్రం పోటీలో ఉన్నప్పుడు గెలిచింది ‘గ్రీన్ బుక్’. ఈసారి నల్లజాతి పియానో కళాకారుడు వెనక సీట్లో, ఇటాలియన్ అమెరికన్ డ్రైవరు ముందు సీట్లో. మళ్లీ కారే, మళ్లీ స్నేహమే.

కారు ఇలాంటి కథలకు ఎందుకంత అనుకూలమో ఆలోచించండి. అందులో ఇద్దరే ఉంటారు. తలుపులు మూస్తే బయట ఉన్న చట్టం, భూమి, బడి, పోలీసు స్టేషన్ అన్నీ కిటికీలోంచి వెనక్కి పోయే దృశ్యాలుగా మారిపోతాయి. ‘గ్రీన్ బుక్’ అన్న పేరు న్యూయార్క్‌లోని హార్లెంకు చెందిన విక్టర్ హ్యూగో గ్రీన్ అనే తపాలా ఉద్యోగి 1936 నుంచి ప్రచురించిన మార్గదర్శినిది. నల్లజాతి ప్రయాణికులు ఏ ఊళ్లో ఎక్కడ తినవచ్చో, ఎక్కడ పడుకోవచ్చో అందులో ఉండేది. వివక్ష మధ్య బతకడానికి ఒక సమాజం తనకు తాను తయారు చేసుకున్న సాధనం అది. దాని పేరు పెట్టుకున్న సినిమాలో మాత్రం నల్లజాతి కళాకారుణ్ణి కాపాడుతూ ఉండేది తెల్ల డ్రైవరే. ఆ డ్రైవరు కొడుకే స్క్రిప్టు రచయితల్లో ఒకరు. కళాకారుడు డాన్ షర్లీ బంధువులు మాత్రం ఆ చిత్రణ నిజం కాదని బహిరంగంగా అభ్యంతరం చెప్పారు. నటుల ప్రతిభను నేను తక్కువ చేయను. షర్లీగా మహర్షలా అలీ నటన అద్భుతం. ఎవరి జ్ఞాపకం కథ అయింది, ఎవరిది కాలేదు అన్న ప్రశ్న మాత్రం వదిలిపెట్టలేను.

2006లో గెలిచిన ‘క్రాష్’ది మరో దారి. లాస్ ఏంజెలెస్‌లో అందరూ అందరినీ ద్వేషిస్తారు, అందరిలోనూ మంచి ఉంటుంది అన్నది దాని ధోరణి. తనిఖీ పేరుతో నల్లజాతి మహిళ ఒంటి మీద చేతులు వేసిన తెల్ల పోలీసు, మర్నాడు అదే మహిళను మండబోతున్న కారులోంచి ప్రాణాలకు తెగించి బయటికి లాగుతాడు. ఉత్కంఠగా ఉంటుంది. కానీ ముందు రోజు నేరానికి ఫిర్యాదు ఏమైంది, ఆ స్టేషన్ ఏం చేసింది అన్నవి మంటల వెలుగులో కనిపించకుండా పోతాయి. మన దగ్గర 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’లోనూ మంటల్లో చిక్కుకున్న పూజారి భార్యను హరిజన యువకుడు కాపాడాకే పూజారి మనసు మారుతుంది. ఆ కాలానికి అది ఎంతో సాహసం చేసిన సినిమా. ఆలయ ప్రవేశం గురించి తెర మీద మాట్లాడటమే అప్పట్లో యుద్ధం. అయినా హక్కుగా రావలసిన ప్రవేశం ఒక ప్రాణదానానికి ప్రతిఫలంగా వచ్చిందన్న సంగతి కూడా చూడాలి.

ఇప్పటిదాకా తెలుపు నలుపుల మధ్యే మాట్లాడాను. మనలాంటి వాళ్లు ఎక్కడ నిలబడతామన్నది నాకు అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న. లీ సినిమాలో సాల్ దుకాణం కాలిన తర్వాత జనం కొరియన్ కొట్టు వైపు తిరుగుతారు. యజమాని చీపురు తిప్పుతూ, నేనూ నల్లవాణ్ణే, మీరూ నేనూ ఒకటే అని అరుస్తాడు. జనం నవ్వి వదిలేస్తారు. 1991లో లాస్ ఏంజెలెస్‌లో ఒక కొరియన్ దుకాణదారు పదిహేనేళ్ల నల్లజాతి అమ్మాయిని కాల్చి చంపి కూడా జైలుకు వెళ్లలేదు. రాడ్నీ కింగ్ అనే నల్లజాతి వ్యక్తిని కొట్టిన పోలీసులు నిర్దోషులుగా విడుదలైన 1992 ఏప్రిల్ చివరిలో ఆ నగరం అంటుకున్నప్పుడు అరవై మందికి పైగా చనిపోయారు. కాలిన దుకాణాల్లో చాలా భాగం కొరియన్లవే. అక్కడ చీపురు ఎవరినీ కాపాడలేదు.

మీరా నాయర్ 1991లో తీసిన ‘మిసిసిపీ మసాలా’ ఈ మధ్యస్థ స్థానం గురించే. 1972లో ఈదీ అమీన్ తొంభై రోజుల గడువిచ్చి ఉగాండా నుంచి వెళ్లగొట్టిన ఒక గుజరాతీ కుటుంబం మిసిసిపీలోని గ్రీన్‌వుడ్‌కు చేరుతుంది. పోయిటియర్‌ను క్లాన్ వెంటాడినది ఆ ఊళ్లోనే. వాళ్ల కూతురు మీనా, తివాచీలు శుభ్రం చేసే చిన్న వ్యాపారం పెట్టుకున్న నల్లజాతి యువకుడు డెమెట్రియస్ ప్రేమించుకుంటారు. మీనా నడిపిన కారు అతని వ్యానును ఢీకొన్న ప్రమాదం మీద అతను కోర్టుకు వెళతాడేమోనని భయపడినప్పుడు, తెల్లవాళ్లు కాని మనమంతా ఒకటే అని మోటెళ్లు (దారి పక్క హోటళ్లు) నడిపే భారతీయులు అతణ్ణి బుజ్జగిస్తారు. అతను తమ పిల్లతో కనిపించగానే పని ఇవ్వడం మానేస్తారు. బ్యాంకు అప్పు మీదకు వస్తుంది. ప్రేమకథలో బ్యాంకు అప్పు ఉండటమే ఈ సినిమా గొప్పతనం. నల్లగా ఉన్నా డబ్బుంటే చెల్లుతుంది, తెల్లగా ఉంటే డబ్బు లేకపోయినా చెల్లుతుంది, రెండూ లేకపోతే మంచి సంబంధం ఎలా వస్తుందని ఇద్దరు ఆడవాళ్లు మీనా గురించి అనుకునే మాటలు వింటుంటే, అది గుజరాతీ ఇళ్లకే పరిమితమైన మాట అని ఏ తెలుగువాళ్లూ అనలేరు. మీ కూతురికీ నాకూ మధ్య ఉన్నది రంగులో ఒకటి రెండు ఛాయల తేడానే అని డెమెట్రియస్ ఆమె తండ్రితో అంటాడు. ఆ తండ్రి దగ్గర దానికి సమాధానం ఉండదు. చివరికి ప్రేమికులు ఊరు విడిచి వెళ్లిపోతారు. ఊరు మారిందని నాయర్ చెప్పలేదు.

2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతేలో, పని ముగించుకుని బారులో కూర్చున్న హైదరాబాద్ ఇంజనీరును ఒక తెల్లవాడు నా దేశం విడిచి పొమ్మంటూ కాల్చి చంపాడు. పక్కనున్న మిత్రుడు గాయపడ్డాడు. అడ్డుకోబోయిన ఒక అమెరికన్ యువకుడికీ తూటా తగిలింది. తాను ఇరానీయులను కాల్చానని హంతకుడు అనుకున్నాడు. ఆ వార్తకు తెలుగు రాష్ట్రాలు రెండూ కదిలిపోయాయి. మన సినిమా మాత్రం దశాబ్దాలుగా అమెరికాలో పాటలూ ప్రేమకథలూ తీస్తున్నా, అక్కడి నల్లజాతి మనిషి ఒక పేరుతో, ఒక ఇంటితో, ఒక అభిప్రాయంతో మన తెర మీద కనిపించడం చాలా అరుదు. నల్లజాతి పేటల్లో పెట్రోలు బంకులు, చిన్న దుకాణాలు నడిపే దక్షిణాసియా కుటుంబాలు అమెరికాలో ఎన్నో ఉన్నాయి. రాత్రిపూట గల్లాపెట్టె దగ్గర అద్దం వెనక కూర్చున్న మనిషి, అద్దానికి ఇవతల డబ్బు ఇస్తున్న మనిషి ఒకరి గురించి ఒకరు ఏమనుకుంటారో, ఆ దుకాణం లాభం ఏ పేటకు వెళుతుందో, పోలీసు వచ్చినప్పుడు ఎవరి మాట నమ్ముతాడో దాచుకోకుండా చెప్పే తెలుగు సినిమా ఒకటి నాకు చూడాలని ఉంది. ఆ కథ రాయగలవాళ్లు డల్లాస్‌లోనో అట్లాంటాలోనో ఇప్పటికే పెరిగి పెద్దవాళ్లయ్యారు.